మొలతాడుకి కట్టిన తాళం

తొమ్మిదో తరగతిలో నేను మూడేళ్ళు ఉన్నాను. ఈలోగా ఇద్దరు లెక్కల మాస్టార్లు బదిలీ అయిపోయారు, ఒక హెడ్మాస్టరు రిటైరయ్యారు, నేను మాత్రం కదల్లేదు. చివరికి మా నాన్న బడికొచ్చి, ఆ బెంచీ నా పేర రాసిస్తారేమో కనుక్కుని, రాయరని తేలాక నన్ను ఇంటికి తీసుకుపోయాడు.

అలాంటివాడు అమెరికాలో కంప్యూటర్లు బాగుచేస్తున్నాడంటే మా ఊళ్ళో ఇప్పటికీ నమ్మరు. నిజానికి అమెరికా వచ్చింది నేను కాదు, మా ఆవిడ. ఆవిడ నర్సు. రెండు సూట్‌కేసులతో పాటు నన్నూ తెచ్చుకుంది. వీసా కాగితంలో నన్ను 'ఆధారపడినవాడు' అని రాశారు. అంత నిజం నా గురించి ఏ ప్రోగ్రెస్ కార్డులోనూ రాయలేదు.

హెర్న్‌డన్ అనే ఊళ్ళో ఒక గోడౌన్‌లో నా పని. ఆఫీసులు వదిలించుకున్న లాప్‌టాప్‌లు లారీల్లో వస్తాయి. డిస్కులు తుడిచి, బ్యాటరీలు మార్చి, లినక్స్ ఎక్కించి పంపిస్తాం. పాత మిషన్ల మీద విండోస్ మూలుగుతూ నడుస్తుంది. లినక్స్ తేలిక, పైగా ఉచితం. ఎలా చెయ్యాలో పక్కవాళ్ళ చేతులు చూసి నేర్చుకున్నాను. ఎందుకలా చెయ్యాలో అడగలేదు. బళ్ళో ఎందుకని అడిగిన ప్రతిసారీ వీపు మోగింది కాబట్టి ఆ అలవాటు అక్కడే వదిలేసి వచ్చాను.

మా అపార్ట్‌మెంట్లలో కింది అంతస్తులో ఒక తెలుగమ్మాయి ఉండేది. ఒక్కతే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నన్ను అన్నయ్యా అని పిలిచేది. ఆ వేసవి మొదట్లో వాళ్ళ అమ్మానాన్నా ఆరు నెలలకని వచ్చారు. వారం తిరక్కుండా వాళ్ళు నాకు బాబాయ్, పిన్ని అయిపోయారు.

బాబాయ్ ఏలూరు డిపోలో ముప్పై మూడేళ్ళు బస్సు కండక్టరుగా చేశాడు. సాయంత్రం స్విమ్మింగ్ పూల్ పక్క బెంచీ మీద కూర్చుంటే, పిల్లల దగ్గరికొచ్చిన పెద్దవాళ్ళంతా చుట్టూ చేరేవారు. ఆయన కథలు చెప్పేవాడు. ప్రతి కథలో ఒక బస్సు, ఒక ఆపద, ఆ ఆపదకి అడ్డంపడిన ఒక కండక్టరు ఉండేవారు. పిన్ని పక్కన కూర్చుని అరచేతిలో సోంపు ఏరుకుంటూ వినేది. కథ అయ్యాక "ఊఁ" అనేది, అంతే. ఆ ఒక్క అక్షరానికి ఆయన గొంతు తగ్గేది.

కంటి ఆపరేషన్ అయ్యాక ఆవిడకి ఫోన్ తెర చిన్నదైపోయింది. గోడౌన్‌లో మా వాళ్ళని అడిగి ఒక పాత లాప్‌టాప్ తెచ్చాను. ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ భోజనాల బల్ల మీద పని మొదలుపెట్టాను. గోడౌన్‌లో అయితే వైరు తగిలించి ఒక్క బటన్ నొక్కితే మిగతాదంతా దానంతట అదే ఎక్కుతుంది. ఇక్కడ లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ ఒక పక్క గుచ్చాను. పిన్ని ఇండియా నుంచి ఫొటోలు తెచ్చుకున్న చిన్న పెన్‌డ్రైవ్ రెండో పక్క గుచ్చాను, చివర్లో అవి కూడా ఎక్కిద్దామని.

బాబాయ్ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు, టికెట్ కొననివాణ్ణి చూసినట్టు తెరని చూస్తూ.

"ఇప్పుడేం చేస్తున్నావురా?"

"బూట్‌లోడర్ పెడుతున్నాను బాబాయ్."

"అదేంటి?"

నన్ను అంతవరకూ ఎవరూ అడగలేదు. మొదటిసారి నాకు నేను ఆలోచించుకుని చెప్పాను. "బస్సుంది. డ్రైవరు కూర్చున్నాడు. జనం ఎక్కేశారు. కండక్టరు రైట్ అనకపోతే కదులుతుందా?"

"ఎలా కదుల్తుంది! కలెక్టరెక్కినా కదలదు."

"ఇది ఆ కండక్టరు. బటన్ నొక్కగానే ముందు ఇది లేచి రైట్ రైట్ అంటుంది. అప్పుడు బండి కదుల్తుంది."

ఆయన మొహం వెలిగిపోయింది. వంటింట్లోకి కేకేశాడు. "ఏమేవ్, కంప్యూటర్లో కూడా మావాడే ఉన్నాట్టే!"

"అయితే చిల్లర తిరిగివ్వదు" అంది పిన్ని లోపల్నుంచి.

ముగ్గురం పడీపడీ నవ్వాం. ఆ నవ్వుతోనే నేను బటన్ నొక్కాను. బూట్‌లోడర్ ఎక్కడ పెట్టాలని తెర అడుగుతోంది. కింద మూడు పేర్లున్నాయి, ఒకటి లాప్‌టాప్‌ది, రెండు పెన్‌డ్రైవ్‌లవి. చూడ్డానికి మూడూ ఒకే తల్లి పిల్లల్లా ఉన్నాయి. నేను చదవకుండా ఒకదాన్ని నొక్కాను.

అంతా అయ్యాక ఫొటోలు ఎక్కించి, రెండు పెన్‌డ్రైవ్‌లూ పీకి, మళ్ళీ ఆన్ చేశాను. నల్ల తెర మీద ఒక్క తెల్ల వాక్యం: బూట్ చేయడానికి ఏమీ దొరకలేదు. లినక్స్ పెన్‌డ్రైవ్ గుచ్చితే మొదటికొచ్చింది. ఫొటోల పెన్‌డ్రైవ్ గుచ్చాను. బండి చక్కగా కదిలింది. అప్పుడర్థమైంది. కండక్టర్ని బస్సులో ఎక్కించకుండా పిన్ని ఫొటోల సంచిలో కూర్చోబెట్టాను. అది గుచ్చి ఆన్ చేస్తే నడుస్తుంది. తీసేసి ఆన్ చేస్తే నడవదు.

సరిచేయడానికి పది నిమిషాల పని. కానీ అప్పుడే ఆ అమ్మాయి తన గదిలోంచి వచ్చింది.

"ఏమైనా ప్రాబ్లమా అన్నయ్యా? మా ఆఫీస్‌లో ఎవరికైనా కాల్ చేసి అడగనా?"

ఎంతో మంచిగా అడిగింది. కానీ ఆ మాటతో తొమ్మిదో తరగతి బెంచీ వచ్చి మళ్ళీ నా కింద చేరింది. నాకు తెలీదని చెప్పడం నేను ఏ క్లాసులోనూ నేర్చుకోలేదు. జోకెయ్యడం ఒక్కటే వచ్చు.

"ప్రాబ్లం కాదమ్మా, సెక్యూరిటీ" అన్నాను. "ఇది తాళంచెవి. ఇది గుచ్చి ఆన్ చేస్తేనే తెరుచుకుంటుంది. తెరుచుకున్నాక తీసి దాచుకోవచ్చు. బాబాయ్, ఎక్కడో పారేసుకుంటారు, మొలతాడుకి కట్టుకోండి."

అందరూ నవ్వారు. పిన్ని కూడా నవ్వింది, కానీ నా మొహం వైపు ఒక్క క్షణం ఎక్కువసేపు చూసింది.

నేను హాస్యానికన్నాను. బాబాయ్ నిజంగానే కట్టుకున్నాడు. పిన్ని ఆకుపచ్చ జాకెట్టు గుడ్డతో అగ్గిపెట్టెలో సగం ఉండే సంచి కుట్టి, నొక్కుడు బొత్తాం పెట్టి, ఆయన మొలతాడుకి వేలాడదీసింది, చంటిపిల్లాడికి తాయెత్తు కట్టినట్టు.

ఆ తర్వాత లాప్‌టాప్ అంతా పిన్నిదే అయింది. గొంతు రికార్డు చేయడం ఎలాగో నా దగ్గర నేర్చుకుంది. బెంచీ మీద బాబాయ్ కథ చెప్పిన మర్నాడు మధ్యాహ్నం, గది తలుపు వేసుకుని, ఆ కథలో అసలు జరిగిందేమిటో చెప్పి దాచేది. వాటికి 'సవరణలు' అని పేరు పెట్టింది. ఆయన్ని విననిచ్చేది కాదు. "నేను పోయాక వినండి, ఎదురు చెప్పడానికి నేనుండను, హాయిగా ఉంటుంది" అనేది.

అయితే కేసు రాయాలన్నా తాళం ముద్దాయి దగ్గరే ఉంది. నేను వాళ్ళింట్లో ఉండగా ఎన్నిసార్లు చూశానో.

"ఏవండీ, తాళం."

"దేనికి?"

"మీ మీద రాయడానికి."

ఆయన లేచి, గోడవైపు తిరిగి, బనియన్ పైకెత్తి బొత్తాం కోసం తడుముకునేవాడు. దొరికేది కాదు. పిన్ని వెళ్ళి తీసేది. "ఆగండి, కదలకండి" అని ఆవిడ, "చేతులు చల్లగా ఉన్నాయే" అని ఆయన. "చూడరా అబ్బాయ్, నా మీద కేసు పెట్టడానికి నా నడుమే తడుముతోంది. ఏ కోర్టులో ఉందిరా ఈ అన్యాయం?" గంట తర్వాత ఆవిడే వచ్చి దాన్ని మళ్ళీ సంచిలో పెట్టి బొత్తాం నొక్కి వెళ్ళేది.

ఆ వేసవంతా లినక్స్ పెన్‌డ్రైవ్ నా సంచిలోనే ఉంది. ఏ రోజైనా పది నిమిషాల్లో సరిచేసేవాణ్ణి. వాళ్ళ సరదా చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నానని తర్వాత్తర్వాత నాకు నేను చెప్పుకున్నాను. అది కల్పన. సరిచేస్తే తప్పు ఒప్పుకోవాలి. అసలు కారణం అది.

చెట్ల ఆకులు రంగు మారడం మొదలైన రోజుల్లో, ఒక ఉదయం డ్రయ్యర్‌లోంచి తీసిన బట్టలు మడతపెడుతూ పిన్ని పక్కకి ఒరిగిపోయింది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంది. మాట్లాడలేదు. నాలుగో రోజు తెల్లవారాక మా ఆవిడ పిన్ని గదిలోంచి బయటికొచ్చి నాకేసి చూసి తల అడ్డంగా ఊపింది. ఆవిడ నర్సు కాబట్టి ఎలా ఊపాలో తెలుసు. నాకే ఎలా తీసుకోవాలో తెలియలేదు.

కొడుకులు లేరు. బాబాయే అన్నీ చేశాడు. పదోరోజు నది ఒడ్డున ఒక పార్కుకి వెళ్ళాం. నీళ్ళలో ఏమీ వేయరాదని అక్కడ బోర్డుంది. పంతులుగారు కారు డిక్కీలోంచి దర్భలు, నువ్వులు తీసుకొచ్చి, ఆ బోర్డుకి వీపు పెట్టి నిలబడి మంత్రాలు మొదలుపెట్టారు. మామూలుగా అయితే దాని మీద నేను అరగంట మాట్లాడేవాణ్ణి. ఆరోజు తుండుగుడ్డ పట్టుకుని పక్కన నిలబడ్డానంతే.

చివర్లో పంతులుగారు చిన్నగా అన్నారు. "మొలతాడు తీసెయ్యాలండీ."

భార్య ఉన్నన్నాళ్ళే మగవాడి నడుముకి అది. ఆ సంగతి నాకూ తెలుసు, అందరికీ తెలుసు. కానీ చేతులతో తీయడం నేనెప్పుడూ చూడలేదు. గాలి విసురుగా ఉంది. నేను తుండుగుడ్డ రెండు చేతులతో అడ్డం పట్టుకుని, మర్యాదకి మొహం పక్కకి తిప్పుకున్నాను. వెనక ఆయన ఊపిరి వినిపిస్తోంది. సంచి బొత్తామే పిన్ని తీస్తేగాని రాదు, ఇక ముడి ఆయన ఒక్కడికీ రాలేదు. పంతులుగారు చిన్న కత్తెర అందించారు. కాసేపటికి నీళ్ళలో 'టుప్పు'మని చప్పుడైంది.

నూలు తాడుకి అంత చప్పుడుండదు. అప్పుడే నాకు తట్టాల్సింది. తట్టలేదు. తుండుగుడ్డ మడిచి ఆయన భుజం మీద వేశాను. స్నానం చేసి వణుకుతూ ఆయన నా చెయ్యి పట్టుకుని కారు దాకా నడిచాడు.

కర్మకాండంతా ముగిసిన మర్నాడు మధ్యాహ్నం ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఒకసారి కిందికి రాగలవా? అమ్మ లాప్‌టాప్ ఓపెన్ అవ్వట్లేదు. ఏదో ఎర్రర్ వస్తోంది."

వెళ్ళాను. భోజనాల బల్ల మీద అదే నల్ల తెర, అదే తెల్ల వాక్యం. బాబాయ్ ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

"అమ్మ రికార్డింగులన్నీ ఇందులోనే ఉన్నాయి" అంది ఆ అమ్మాయి. "నా ఫోన్‌లో అమ్మ పంపిన వాయిస్ మెసేజ్‌లు వెతికాను. తిన్నావా, పడుకున్నావా, ఇవే ఉన్నాయి. నాన్న వింటానంటున్నారు."

"తాళం గుచ్చాలి కదమ్మా" అన్నాను. "బాబాయ్, తాళమేదీ?"

ఆయన చెయ్యి నడుము దగ్గరికి వెళ్ళింది. చొక్కా మీదనుంచే ఒక పక్క తడిమింది, రెండో పక్క తడిమింది. అక్కడే ఆగిపోయింది. ఆయన నావైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. ఇద్దరికీ ఆ చప్పుడు ఒక్కసారే వినిపించింది.

"నీళ్ళల్లో వేసేశాన్రా" అన్నాడు. తెర వైపు తిరిగి, "మీ పిన్ని గొంతుని కూడా వేసేశాన్రా" అన్నాడు.

"లేదు బాబాయ్, గొంతు ఇందులోనే ఉంది. నీళ్ళల్లో పోయింది కండక్టరొక్కడే. బస్సు ఇక్కడే ఉంది."

"జనం?"

"జనం కూడా లోపలే ఉన్నారు."

"అయితే నువ్వు రైట్ చెప్పు" అన్నాడు.

పైకి పరుగెత్తి నా సంచి తెచ్చాను. ఇలాంటి పని గోడౌన్‌లో వందసార్లు చేశాను. వేరే పెన్‌డ్రైవ్‌తో మిషన్ని లేపి, పెరటి తలుపులోంచి ఇంట్లోకి దూరినట్టు లోపలి డిస్కులోకి వెళ్ళి, బూట్‌లోడర్ని ఈసారి ఆ డిస్కు మీదే పెట్టాలి. నాలుగు వరసలు టైపు చెయ్యడమే. కానీ మొదట తెర మీద రెండు బటన్లు వస్తాయి. ఒకటి ఊరికే లోపలికి వెళ్ళడానికి. రెండోది కొత్తగా ఎక్కించడానికి. అటు పోయి అడిగిన ప్రతిదానికీ సరే అంటూ పోతే డిస్కంతా తుడిచేస్తుంది. గోడౌన్‌లో మేం రోజంతా నొక్కేది ఆ రెండోదే. నా వేలికి ఆ దారే అలవాటు.

వేలు గాల్లోనే ఆపి చదివాను. మళ్ళీ చదివాను. పెదాలు కదుపుతూ మూడోసారి చదివాను. బళ్ళో అలా ఒక్క పాఠం చదివుంటే గట్టెక్కేవాణ్ణి. తర్వాత ఆ పేర్ల వరస వచ్చింది. ఒకే తల్లి పిల్లలు. ఈసారి ఏది లాప్‌టాప్‌దో డిస్కు సైజు చూసి గుర్తుపట్టి, కాగితం మీద రాసుకుని, కాగితానికీ తెరకీ మధ్య కళ్ళు పదిసార్లు తిప్పి టైపు చేశాను.

"ఏమైనా పోతుందా అన్నయ్యా?" అంది ఆ అమ్మాయి గొంతు తగ్గించి.

"తెలీదమ్మా" అన్నాను. నా జన్మలో ఆ మాట నోట్లోంచి వచ్చింది అదే మొదటిసారనుకుంటాను. "పోకూడదు. నేను సరిగ్గా చేస్తే పోదు."

పెన్‌డ్రైవ్ పీకి ఆన్ చేశాను. తెర నల్లబడింది. ఎంతసేపో తెలీదు. తర్వాత మూలనుంచి ఒక చిన్న పెట్టె వచ్చి, ఐదు, నాలుగు, మూడు అని లెక్కపెట్టుకుని, దానంతట అదే కదిలింది.

"రైట్" అన్నాడు బాబాయ్.

మొత్తం ముప్పై ఒక్క సవరణలున్నాయి. వరసగా విందామంది ఆ అమ్మాయి. మొదటిది నొక్కాను.

ముందు ఏదో గరగరమంది. తర్వాత పిన్ని గొంతు సవరించుకుంది. ఆ అమ్మాయి బల్ల అంచు పట్టుకుంది.

"వినబడుతోందా ఇది? ఎర్రగా వెలుగుతోంది, అంటే వినబడుతున్నట్టే. ఇది మొదటిది. ఆదివారం ఆ పై అబ్బాయి వచ్చి ఇది పెట్టి వెళ్ళాడు. ఏదో తప్పు చేశాడు. సెక్యూరిటీ అట! ఆ మొహం నాకు తెలీదూ? టిక్కెట్ల లెక్క తేడా వచ్చిన రోజు ఈయన కూడా ఇంటికొచ్చి ఇలాగే జోకులేసేవాడు. నలుగురిలో చిన్నబుచ్చుకుంటాడని ఊరుకున్నాను. ఎప్పుడో ఒకరోజు తనే చెప్తాడ్లే."

అక్కడికి అయిపోయింది. పైపులోంచి నీళ్ళు ఒక్కో బొట్టే సింకులో పడుతున్నాయి.

"నిజమే బాబాయ్" అన్నాను. "తప్పు నాదే. సెక్యూరిటీ లేదు, ఏం లేదు. ఆరోజే పది నిమిషాల్లో సరిచెయ్యొచ్చు. సిగ్గేసి..."

ఆయన చెయ్యెత్తాడు, దారిలో బస్సాపినట్టు. "ఆగు. ఆవిణ్ణి చెప్పనీ."

రెండోది నొక్కాను. అది దొంగ కథ. బెంచీ మీద ఆయన చెప్పిన ప్రకారం, చింతలపూడి బస్సులో జేబు కొట్టినవాణ్ణి ఆయన రెండు మైళ్ళు పరుగెత్తి పట్టుకున్నాడు. పిన్ని ప్రకారం, దొంగ అంతకుముందు స్టాపులోనే దిగిపోయాడు. ఈయన వెంటపడింది తన టిఫిన్ డబ్బా పొరపాటున పట్టుకుపోతున్న ఒక ముసలాయన వెనక. "అదీ రెండు మైళ్ళు కాదు, చెరువుగట్టు దాకా. పైగా ఆయనే డబ్బా తెరిచి ఈయనకి సగం పెట్టాట్ట."

"అబద్ధం!" అని లేచాడు బాబాయ్. "చెరువుగట్టు దాటి కూడా పరుగెత్తానే! సగమెక్కడే, రెండు ఇడ్లీలే పెట్టాడు!" ఆ మాటలు వంటింటి వైపు తిరిగి అన్నాడు. అక్కడ ఎవరూ లేరు. ఆ గుమ్మం వైపు చూస్తూ అలాగే నిలబడ్డాడు. ఆ అమ్మాయి వెళ్ళి ఆయన్ని పట్టుకుంది. నేను రికార్డింగ్ ఆపేశాను.

మిగతావి ఆయన ఒక్కడే విన్నాడు, రోజుకొకటి. అయిపోతాయని భయమేసి మధ్యలో రోజులు వదిలేసేవాడట. ఆ అమ్మాయి నాతో ఇంకో మాట కూడా చెప్పింది. ఇప్పుడు లాప్‌టాప్ బటన్ నొక్కితే చాలు, దేనికోసమూ ఎవరినీ అడగనక్కర్లేదు. అయినా నొక్కే ముందు ప్రతిసారీ నాన్న చెయ్యి నడుము దగ్గరికి వెళ్ళి ఖాళీగా తిరిగొస్తోందట. "నువ్వు ఫిక్స్ చేసింది బానే ఉంది అన్నయ్యా" అంది, నేనెక్కడ బాధపడతానో అని.

ఎన్నో మిషన్లు బాగుచేశాను గానీ, బాగుచేసి ఇంత పాడుచేసింది ఇదొక్కటే. రెండు రోజులు ఆలోచించాను. ఆయన ఇండియా ప్రయాణం దగ్గరపడింది. కొత్త పెన్‌డ్రైవ్ ఒకటి కొని కిందికి వెళ్ళాను. ఆయన మంచం మీద సూట్‌కేసు తెరిచి, తన చొక్కాల మధ్య లాప్‌టాప్‌ని తువ్వాలులో చుట్టి పెడుతున్నాడు.

"బాబాయ్, ఒక మాట. కావాలంటే మళ్ళీ పాతలాగే పెడతాను" అన్నాను. "ఇది గుచ్చితేనే తెరుచుకునేలా. ఈసారి పొరపాటున కాదు, కావాలనే పెడతాను. తాళం మీ దగ్గరే ఉంటుంది."

ఆయన నా అరచేతిలో ఉన్నదాన్ని చూశాడు. తీసుకుని, వేళ్ళ మధ్య ఒకసారి తిప్పి, మళ్ళీ నా చేతిలోనే పెట్టి గుప్పిట మూశాడు.

"ఈసారి దేనికి కట్టుకోమంటావురా?" అన్నాడు.